విజయవాడ నుంచి అనకాపల్లి దాకా ఒకే చార్జింగ్: స్టీమ్ డెక్ నేను వాడే పద్ధతి

మా అన్నయ్య కొడుకు డాలస్ నుంచి వస్తూ నాకోసం స్టీమ్ డెక్ ఓలెడ్ తెచ్చాడు. చేతిలో పట్టుకుని కంప్యూటర్ ఆటలు ఆడుకునే యంత్రం అది. ఆ రాత్రే పెట్టె విప్పి పవర్ బటన్ నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకాసేపు నొక్కి పట్టుకున్నాను. స్క్రీన్ నల్లగానే ఉంది. అంత దూరం నుంచి వచ్చిన వస్తువు. మన దేశంలో దీన్ని కంపెనీ నేరుగా అమ్మదు, పాడైతే వారంటీ కింద చూపించుకోవడానికి ఇక్కడ చోటు లేదు. చాలా టెన్షన్ పడ్డాను. వాడు ప్రయాణం అలసటతో పక్క గదిలో నిద్రపోతున్నాడు, లేపక తప్పలేదు.

"చార్జర్ పెట్టావా అత్తా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఎంతో కొంత చార్జింగ్ ఉంటుంది కదరా, ఆన్ అయితే అవ్వాలి కదా!"

"అవ్వదత్తా. ముందు చార్జర్ పెట్టు."

పెట్టగానే లోగో వెలిగింది. ఫ్యాక్టరీ నుంచి పంపేటప్పుడు బ్యాటరీని నిద్రపుచ్చి పంపుతారట. చార్జర్ తగిలించేదాకా బటన్ ఎంత నొక్కినా అది లేవదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి హాయిగా గడిచేది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. వయసు 41. మా అమ్మ అనకాపల్లిలో ఉంటుంది. నెలకి రెండు సార్లు పొద్దున్నే రత్నాచల్ ఎక్కి వెళ్తాను. ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. డెక్ చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఈ యంత్రం మన చేతికొచ్చేసరికి అన్ని గేట్లూ ఎత్తేసి ఉంటుంది. దాన్ని ఒక్కో గేటూ దించుకుంటూ రావాలి. మన ఎండకి, మన రైలు ప్రయాణానికి, మన మణికట్టుకి సరిపడేంత వరకు దించాలి. అప్పుడే అది మన వస్తువు అవుతుంది.

తెప్పించుకునే ముందు

మాది 512 జీబీ మోడల్. మావాడు కొన్నప్పుడు 549 డాలర్లు. అక్కడి సేల్స్ టాక్స్‌తో కలిపి 594 దాకా అయింది. 1 టీబీ మోడల్ అప్పుడు 649. దానికి వెలుతురు తిరిగి కొట్టకుండా గరుకు చేసిన గాజు ఉంటుంది. 512లో మామూలు మెరుపు గాజే. రైల్లో కిటికీ పక్క కూర్చుని ఆడేవాళ్ళకి ఆ గరుకు గాజు ఉపయోగమే కానీ, నేనైతే ఆ 100 డాలర్లూ ఆటలకే పెడతాను. కిటికీ తెర దించుకుంటే సరిపోతోంది.

తెచ్చేవాళ్ళకి చెప్పాల్సింది ఒక్కటే. చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. లోపల ఉన్నది 50 వాట్-అవర్ లిథియం బ్యాటరీ. విమానంలో పెట్టుకునే 100 వాట్-అవర్ పరిమితికి అది సగమే, కాబట్టి అభ్యంతరం ఉండదు.

వాళ్ళ అకౌంట్‌తో కొన్నా పరికరం ఆ అకౌంట్‌కి ముడిపడి ఉండదు. మీ స్టీమ్ (ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. అప్పుడు ఆటల ధరలు రూపాయల్లో కనిపిస్తాయి, యూపీఐతో కట్టుకోవచ్చు. వాళ్ళ అకౌంట్ వాడుకుందామనే ఆలోచనే వద్దు.

కొనకముందే ఇంట్లో పిల్లలతో ఒక మాట మాట్లాడండి. ఇది లైనక్స్ మీద నడుస్తుంది. విండోస్ కోసం తయారైన ఆటల్ని ప్రోటాన్ అనే పొర మీదుగా ఆడిస్తుంది. వేల ఆటలు చక్కగా ఆడతాయి. కానీ దొంగాట పట్టే సాఫ్ట్‌వేర్‌ని లోతుగా బిగించుకున్న ఆన్‌లైన్ ఆటలు ఆడవు. వాలరెంట్ రాదు, ఫోర్ట్‌నైట్ రాదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మొదటి రోజే వాలరెంట్ అడిగింది. లేదని తెలిశాక రెండు రోజులు దాని జోలికే రాలేదు. ముందే చెప్పాల్సింది. మీకు కావాల్సిన ఆట స్టీమ్ పేజీలో ఆకుపచ్చ టిక్కు ఉందో లేదో చూసుకోండి. పసుపు గుర్తు ఉంటే ఆడుతుంది కానీ అక్షరాలు చిన్నగా ఉండడమో, మధ్యలో కీబోర్డ్ అడగడమో లాంటి చిక్కులుంటాయి. ఇంకా అనుమానముంటే ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఆ ఆట ఆడినవాళ్ళ అనుభవాలు దొరుకుతాయి.

మొదటి సాయంత్రం

చార్జర్ పిన్నులు అమెరికా తరహా, రెండు చదునైన రేకులు. దాని మీద 100–240 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ లాంటివేమీ అక్కర్లేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. అయితే ఆ అడాప్టర్ గట్టిగా పట్టేది కొనండి. నేను మొదట తెచ్చుకున్నది వదులుగా ఉండి, వైరు కదిలినప్పుడల్లా చిటపటమనేది. తీసి పారేశాను.

ఆన్ చేయగానే అప్‌డేట్లు దిగుతాయి, సైజు బాగానే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టకండి. అది దిగుతుండగా భోజనం చేసి రండి.

తర్వాత సెట్టింగ్స్‌లో పవర్‌లోకి వెళ్ళి చార్జింగ్‌కి పరిమితి పెట్టండి. నేను 80 శాతం పెట్టాను. ఇంట్లో సగం రోజులు చార్జర్‌కి తగిలించే ఉంటుంది. ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉంటే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. ఇక్కడ బ్యాటరీ మార్పించుకోవడం చిన్న పని కాదు, కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ప్రయాణం ముందు రాత్రి మాత్రం ఆ పరిమితి తీసేసి నిండా నింపుతాను. మొదట్లో ఒకసారి తీయడం మర్చిపోయి 80తోనే రైలెక్కాను. అందుకే ఇప్పుడు టికెట్ మెసేజ్ పక్కనే ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకుంటున్నాను.

స్టీమ్ బటన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే దానితో కలిపి నొక్కాల్సిన షార్ట్‌కట్లన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. నేను రోజూ వాడేవి మూడే. స్టీమ్ బటన్ పట్టుకుని ఎడమ స్టిక్ పైకీ కిందకీ కదిపితే వెలుతురు పెరుగుతుంది, తగ్గుతుంది. స్టీమ్‌తో ఎక్స్ నొక్కితే కీబోర్డ్ వస్తుంది. స్టీమ్‌తో ఎల్1 నొక్కితే భూతద్దం. నలభై దాటిన కళ్ళకి ఆ మూడోది వరం. స్క్రీన్ 7.4 అంగుళాలే, పెద్ద మానిటర్ కోసం రాసిన అక్షరాలు అందులో చీమల బారులా కనిపిస్తాయి.

నలభై ఫ్రేములు

అసలు విషయం ఇది, కాస్త నెమ్మదిగా చెప్తాను.

మొదటి ప్రయాణంలో ఏ సెట్టింగూ మార్చకుండా ఎల్డెన్ రింగ్ అనే పెద్ద ఆట పెట్టుకుని కూర్చున్నాను. స్క్రీన్ వెలుతురు నిండుగా ఉంది. విజయవాడలో 100 శాతం. ఏలూరు దాటాక చూస్తే 60కి వచ్చేసింది. తాడేపల్లిగూడెం దాటింది, నిడదవోలు దాటింది. కొవ్వూరు దాటి గోదావరి బ్రిడ్జి మీదకి ఎక్కేసరికి స్క్రీన్ ఆరిపోయింది. ఇంకా మూడు గంటల ప్రయాణం మిగిలింది.

లెక్క చాలా సులువు. బ్యాటరీలో ఉన్నది 50 వాట్-అవర్లు. యంత్రం మొత్తం కలిసి 23 వాట్లు తాగితే రెండు గంటల పది నిమిషాలు. 10 వాట్లే తాగితే ఐదు గంటలు. 7 తాగితే ఏడు గంటలు. మనం చేయాల్సిందల్లా ఈ ఆట ఎంత తాగుతోందో చూడడం, దాన్ని దించడం.

కుడి పక్క ట్రాక్‌ప్యాడ్ కింద మూడు చుక్కల బటన్ ఉంటుంది. అది నొక్కి బ్యాటరీ బొమ్మ ఉన్న చోటికి వెళ్ళండి. అక్కడ పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే అని ఒక మీట ఉంటుంది. రెండో మెట్టు మీద పెడితే స్క్రీన్ పైన ఒక్క వరసలో అంకెలు వస్తాయి. అందులో బ్యాటరీ పక్కనున్న వాట్లు చూడండి, చివర్లో ఉన్న ఫ్రేముల (ఆట సెకనుకి గీసే బొమ్మల) సంఖ్య చూడండి. మిగతావి ఇప్పుడు వదిలేయండి.

అదే పేజీలో "ఈ ఆటకి విడిగా ప్రొఫైల్" అనే అర్థమొచ్చే స్విచ్ ఉంటుంది. మొదట దాన్ని ఆన్ చేయాలి. ఆన్ చేయకుండా మార్పులు చేస్తే అవి అన్ని ఆటలకీ పాకుతాయి. చిన్న పొలం ఆటకి దించిన పవర్ పెద్ద ఆటకి కూడా అంటుకుని, అది నత్తలా నడుస్తుంటే యంత్రం పాడైందనుకుని నేను ఒక పూట ఖంగారు పడ్డాను.

ఇప్పుడు ఫ్రేములు. ఓలెడ్ మోడల్ స్క్రీన్ సెకనుకి 90 సార్లు మారగలదు. అలాగని ప్రతి ఆటా 90 బొమ్మలు గీయాల్సిన పనిలేదు. సెకనుకి 60 బొమ్మలైతే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు కళ్ళ ముందుంటుంది. 30 అయితే 33.3. ఈ రెండిటికీ సరిగ్గా మధ్య 25. అంటే సెకనుకి 40 బొమ్మలు. అంకెల్లో 40 అనేది 30కే దగ్గరగా ఉన్నా, కంటికి మాత్రం 60కీ 30కీ నడిమధ్యన ఉంటుంది. 40 పెడితే స్క్రీన్ తనంతట తానే 80కి సర్దుకుని ప్రతి బొమ్మనీ రెండేసి సార్లు చూపిస్తుంది, అందుకే కుదుపు తెలియదు. పవర్ మాత్రం బాగా మిగులుతుంది. మొదటిసారి 40 పెట్టి ఆడినప్పుడు ఐదు నిమిషాల్లో ఆ సంగతే మర్చిపోయాను.

ఆ తర్వాత టీడీపీ పరిమితి. చిప్ ఎంత కరెంటు లాగచ్చో దానితో చెప్తాం. 3 వాట్ల నుంచి 15 దాకా పెట్టుకోవచ్చు. నా పద్ధతి ఏమిటంటే, ఆటలో బాగా రద్దీగా ఉండే చోటికి వెళ్ళి నిలబడతాను. 15 నుంచి ఒక్కో వాటూ దించుతూ ఫ్రేముల సంఖ్య చూస్తాను. 40 కాస్తా 37కో 36కో జారగానే ఆగి, ఒక వాటు పెంచుతాను. అంతే, అదే ఆ ఆట ప్రొఫైల్. ఒక్కో ఆటకి ఐదు నిమిషాల పని. ఖాళీ గదిలో నిలబడి దించితే మాత్రం మోసపోతాం, శత్రువులు మీద పడ్డాక ఆట తడబడుతుంది.

స్టార్డ్యూ వ్యాలీ అనే పొలం ఆటకి 4 వాట్లు చాలు. స్క్రీన్, వైఫై అన్నీ కలిపి మొత్తం వాడకం 7 దగ్గర ఉంటోంది. ఎల్డెన్ రింగ్ బయటి మైదానాల్లో 40 నిలకడగా నిలవలేదు, దానికి 30 పెట్టేశాను. ఆ ఆట నా లెక్కలో ఇంట్లో చార్జర్ పక్కన ఆడుకోవాల్సిందే. హేడిస్ లాంటి చకచకా తప్పించుకునే ఆటకి మాత్రం 60 కింద పెట్టను. అక్కడ వేలికీ బొమ్మకీ మధ్య ఆలస్యం తెలుస్తుంది. తగ్గించమని చెప్తున్నానని అన్నిటికీ ఒకే కొలత పెట్టేయకండి.

రెండో ప్రయాణంలో స్టార్డ్యూ పెట్టుకున్నాను. వెలుతురు సగం, వైఫై ఆఫ్. మధ్యలో సామర్లకోటలో టీ, అన్నవరంలో కాసేపు కునుకు. అనకాపల్లిలో దిగేసరికి ఇంకా 31 శాతం ఉంది.

మే నెల

ఈ యంత్రం చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే బాగా పనిచేస్తుందని తయారుచేసిన వాల్వ్ కంపెనీయే చెప్పింది. అంతకంటే వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 35 అంటే చల్లటి రోజు కింద లెక్క. కాబట్టి వేసవిలో పగలు కరెంటు పోయిన ఇంట్లో పెద్ద ఆటలు ఆడడం నేను పూర్తిగా మానేశాను. ఆడాల్సొస్తే టీడీపీ 8 దాటనివ్వను. రాత్రి తొమ్మిది తర్వాత ఏసీ గదిలో అయితే ఇష్టమొచ్చినంత.

గాలి ఎటు వెళ్తుందో ఒక్కసారి చేత్తో చూడండి. వెనక వైపు జాలీలోంచి లోపలికి లాగుతుంది, పైఅంచు నుంచి వేడిగా బయటికి వదులుతుంది. పెద్ద ఆట నడుస్తున్నప్పుడు పైన అరచేయి పెడితే ఇస్త్రీపెట్టె దగ్గర పెట్టినట్టుంటుంది. దీన్ని పరుపు మీద వెల్లకిలా పెడితే ఆ వెనక జాలీ మూసుకుపోతుంది. దుప్పటి మీద, దిండు మీద, ఒళ్ళో చీర కుచ్చెళ్ళ మీద ఆనించి ఆడకూడదు. ఆపిన కారులో వదిలేయడం అసలు వద్దు.

దుమ్ము సంగతి కూడా చూసుకోవాలి. మా వీధిలో పొద్దున్నించీ లారీలు తిరుగుతాయి, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద వారానికే నల్లటి పొర పేరుకుంటుంది. నెలకోసారి డెక్ ఆపేసి, మెత్తటి ఎండు కుంచెతో జాలీ మీద తుడుస్తాను. నోటితో ఊదను, తడి లోపలికి పోతుంది.

చేతులు, మెడ

ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి ఇక్కడ కాస్త పట్టుబడతాను.

డెక్ బరువు 640 గ్రాములు. మామూలు ఫోన్ బరువుకి దాదాపు మూడింతలు. ఐదు నిమిషాలు తేలిగ్గానే ఉంటుంది. అరగంట గాల్లో పట్టుకుంటే భుజాలు పైకి లేస్తాయి, మణికట్లు లోపలికి వంగుతాయి, మెడ ముందుకి వాలుతుంది. నా క్లినిక్‌కి బొటనవేలి మొదట్లో నొప్పితో వచ్చే కుర్రవాళ్ళని వారం వారం చూస్తున్నాను. ఎక్కువమందికి ఫోన్ ఆటల వల్లే. పిడికిట్లో బొటనవేలు దాచి చేతిని చిటికెన వేలి వైపు వంచితే మణికట్టు అంచున చురుక్కుమంటుంది. మీకూ అలా అనిపిస్తే ఆట ఆపి, డాక్టర్‌కో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి. మందు రాసుకుని ఆట కొనసాగించొద్దు.

పద్ధతి చెప్తాను. వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. ఒళ్ళో గట్టి దిండు పెట్టుకుని, దాని మీద రెండు మోచేతులూ ఆనించండి. దిండు మోచేతుల కిందే ఉండాలి, యంత్రం కింద కాదు. ఎందుకో పైన చెప్పాను. ఇప్పుడు డెక్ ఛాతీ ఎత్తుకి వస్తుంది, మెడ కొద్దిగానే వంగుతుంది. బరువు మోచేతుల మీదుగా దిండుకి దిగిపోతుంది, వేళ్ళకి ఆట తప్ప వేరే పని ఉండదు. రైల్లో దిండుకి బదులు బ్యాగ్‌ని ఒళ్ళో నిలబెట్టుకుంటాను. పక్కకి తిరిగి పడుకుని ఆడడం మాత్రం నాకు తెలిసి ఎవరికీ మంచిది కాదు. కింద పడిన భుజం, ఒక్క మణికట్టు మొత్తం బరువు మోస్తాయి.

వెనక నాలుగు బటన్లున్నాయి. ఎల్4, ఎల్5, ఆర్4, ఆర్5. కొన్నవాళ్ళలో చాలామంది వాటిని ముట్టుకోనే ముట్టుకోరు. నేనైతే ఈ పరికరంలో అన్నిటికంటే మంచివి అవేనంటాను. ఆట పేజీలో కంట్రోలర్ బొమ్మ నొక్కి, లేఔట్ మార్చే చోటికి వెళ్ళి, ఆర్4కి ఎ, ఆర్5కి బి ఇవ్వండి. పరుగెత్తడానికి ఎడమ స్టిక్ నొక్కాల్సిన ఆటల్లో ఆ నొక్కుడు ఎల్4కి ఇవ్వండి. దానితో బొటనవేలు స్టిక్ మీంచి బటన్లకీ, బటన్ల మీంచి స్టిక్‌కీ గెంతే పని సగం తగ్గుతుంది. ఆ పని ఊరికే కూర్చున్న మధ్యవేలికీ ఉంగరం వేలికీ పోతుంది. మొదటి మూడు రోజులు తికమకగా ఉంటుంది. నాలుగో రోజుకి చేతులే నేర్చుకుంటాయి.

గురి చూసి కొట్టే ఆటలకి గైరో (యంత్రాన్ని ఎటు వంచామో పసిగట్టే సెన్సర్) కూడా పెట్టుకోండి. కుడి స్టిక్ మీద బొటనవేలు ఊరికే తాకినా యంత్రానికి తెలుస్తుంది. ఆ తాకిడి ఉన్నప్పుడే గైరో పనిచేసేలా పెడితే, పెద్ద మలుపు స్టిక్‌తో, చివరి చిన్న సర్దుబాటు మణికట్టు కదలికతో అవుతుంది. వేలు తీస్తే గైరో ఆగిపోతుంది, రైలు కుదుపుకి గురి తప్పదు.

25 నిమిషాలకి ఫోన్‌లో అలారం. మోగగానే పక్కన పెట్టి లేచి, భుజాలు నాలుగు సార్లు వెనక్కి తిప్పి, నీళ్ళు తాగి రావడం. మా ఇంట్లో ఇది నియమం, నాకైనా మా అమ్మాయికైనా.

రైలెక్కే ముందు

కొత్త ఆట దించుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్ళకండి. ప్రోటాన్ మీద నడిచే ఆట మొదటిసారి తెరిచినప్పుడు తనకి కావాల్సిన ఫైళ్ళన్నీ నెట్‌లోంచి తెచ్చుకుని అమర్చుకుంటుంది. కొన్ని ఆటలు విడిగా లాగిన్ కూడా అడుగుతాయి. ఇంటి వైఫై మీద ఒకసారి తెరిచి, మెనూ దాటి లోపలికి వెళ్ళి, రెండు నిమిషాలు ఆడి మూసేయండి. అప్పుడు ఇంటర్నెట్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ మోడ్ పెట్టి మళ్ళీ తెరిచి చూడండి. తెరుచుకుంటే రైల్లోనూ తెరుచుకుంటుంది. తుని దగ్గర సిగ్నల్ కోసం కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను.

పవర్ బటన్ ఒకసారి నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, మళ్ళీ నొక్కితే అక్కడి నుంచే లేస్తుంది. టీటీఈ వచ్చినా, టీ వచ్చినా ఒక్క నొక్కు చాలు. కానీ నిద్రపుచ్చడం, సేవ్ చేయడం ఒకటి కాదు. స్టార్డ్యూలో ఆ రోజు ముగించి మంచమెక్కితేనే సేవ్ అవుతుంది. బ్యాటరీ పది శాతానికి దిగితే ఆటలో ఎక్కడున్నా మీ రైతుని ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టేయండి. పదిహేను నిమిషాలు చెమటోడ్చి నీళ్ళు పోసిన మడి ఒక్కసారిగా లేకుండా పోతే మనసుకి కష్టంగా ఉంటుంది.

సంచిలో పెట్టేటప్పుడు స్క్రీన్ ఆరిపోయి, ఫ్యాన్ చప్పుడు పూర్తిగా ఆగిందని విన్నాకే కేసు జిప్ వేయండి.

చార్జర్, కార్డ్

దీనికి కావాల్సింది 45 వాట్ల టైప్-సి పీడీ (పవర్ డెలివరీ అనే చార్జింగ్ పద్ధతి) చార్జర్. మన ఫోన్ల చార్జర్ల మీద 67, 80 అని పెద్ద పెద్ద అంకెలుంటాయి కానీ వాటిలో చాలావరకు ఆ కంపెనీ ఫోన్‌కి మాత్రమే ఆ వేగం ఇస్తాయి. డెక్‌కి తగిలిస్తే నెమ్మదిగా ఎక్కుతుంది, ఆడుతూ ఉంటే దిగుతుంది కూడా. పీడీ అని, 15 వోల్టులు 3 ఆంపియర్లని రాసి ఉందో లేదో చూసి కొనండి. టైప్-సి ల్యాప్‌టాప్ చార్జర్ ఇంట్లో ఉంటే అదే చాలు. పవర్ బ్యాంక్‌కీ ఇదే లెక్క.

మెమరీ కార్డ్ విషయంలో నేను డబ్బు పోగొట్టుకున్నాను. ఒక దుకాణంలో 512 జీబీ కార్డ్ సగం ధరకి వస్తోందని తీసుకున్నాను. రెండు ఆటలు బాగానే ఎక్కాయి. మూడోది ఎక్కాక మొదటిది తెరుచుకోలేదు. కార్డ్ మీద రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. వెనక్కి తీసుకోమంటే ప్యాకెట్ చింపేశారు కదా అన్నారు. కొన్న రోజే కార్డ్ మొత్తం ఫైళ్ళతో నింపి, వాటిని తిరిగి తెరిచి చూడండి. నకిలీదైతే అక్కడే దొరికిపోతుంది. డెక్‌లో పెట్టి ఫార్మాట్ చేశాక ఆ కార్డ్‌ని విండోస్ కంప్యూటర్ చదవలేదు, కాబట్టి ఫోటోలున్న కార్డ్ పెట్టొద్దు.

మా అమ్మాయి, మా అమ్మ

అమ్మాయికి విడిగా స్టీమ్ అకౌంట్ తెరిచి స్టీమ్ ఫ్యామిలీలో చేర్చాను. ఆరుగురి దాకా చేరచ్చు. నేను కొన్న ఆటల్లో ఎక్కువ భాగం తనూ ఆడుకోగలదు, ఎవరి సేవ్‌లు వాళ్ళవే. ఒకే ఆట ఒకే కాపీని ఇద్దరం ఒకే సమయంలో ఆడలేం, అంతే. తన అకౌంట్‌కి రోజుకి ఇన్ని నిమిషాలని పెట్టే వీలుంది. మామూలు రోజుల్లో 40, ఆదివారం 90 అని ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నాం. వాలరెంట్ కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు రాజీ అనే ఆట ఆడుతోంది. పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ళు 2020లో విడుదల చేసిన ఆట. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రాక్షసుల మీదికి వెళ్ళే సర్కస్ పిల్ల కథ. మనకి తెలిసిన కోటలు, దేవతలు అందులో కనబడుతుంటే దాని ముఖం వెలిగిపోతుంది.

అనకాపల్లిలో అమ్మ ఇంటికి చేరగానే నేను చేసేవి వరసగా మూడు. వైఫై కలిపి ఆట ఒకసారి తెరిచి మూసి, సేవ్ క్లౌడ్‌లోకి వెళ్ళిందో లేదో చూడడం. చార్జింగ్ పరిమితి మళ్ళీ 80కి తేవడం. హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న చిన్న టైప్-సి హబ్‌తో డెక్‌ని టీవీకి కలపడం. హబ్ కొనేటప్పుడు దానికి చార్జర్ దూర్చే పీడీ రంధ్రం కూడా ఉన్నది తీసుకోండి, లేకపోతే టీవీలో ఆడుతున్నంత సేపూ బ్యాటరీ కరుగుతూ ఉంటుంది. టీవీకి కలిపాక ఆట బొమ్మ అంచులు బయటికి పోతే టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజు మార్చాలి, డెక్‌లో కాదు.

అమ్మ పక్కన మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నా పొలం చూస్తుంది. పోయినసారి టీవీలో వాన మొదలైంది. చేతిలో కాయ అలాగే పట్టుకుని, "కోళ్ళని లోపల పెట్టావుటే?" అంది.